రెండున్నర గండ్లు, నాలుగు రోజులు

మా పెదనాయన కొడుకు అమెరికాలో పిట్స్‌బర్గ్ దగ్గర ఉంటాడు. పోయిన అక్టోబర్‌లో ఒక రాత్రి వీడియో కాల్ చేసి ఏమీ మాట్లాడకుండా ఫోన్ అట్లా చుట్టూ తిప్పినాడు, ఎర్రగా పండిన ఆకుల చెట్లు, పక్కన ఏరు, మధ్యలో సన్నటి బాట, బాట మీద వాని సైకిల్, అంతే. ఒక్క బండి లేదు. నేనేమో ఆ టైంలో ప్రొద్దుటూరులో బంగారంగడి లెక్కలు ముగించుకోని ఇంటికి పోతా రోడ్డు పక్కన స్కూటర్ ఆపి మాట్లాడుతాండా, నా ఈ చెవిలో ఆటో హారన్, ఆ చెవిలో వాళ్ళ ఏటి సప్పుడు. వాడే నవ్వి, "ముందు ఇంటికి పో రా, నీ హారన్లు ఇక్కడ పక్షుల్ని లేపుతాండాయి" అన్నాడు.

ఆ బాట పేరు గ్రేట్ అలెగనీ ప్యాసేజ్ అంట. పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ అనే ఊరి దాకా 240 కిలోమీటర్లు, ఒకప్పుడు రైళ్ళు పోయిన కట్ట, రైళ్ళు ఆగిపోయినాక పట్టాలు తీసేసి మెత్తటి సున్నపురాతి పొడి పరిచి సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ వదిలేసినారు, మోటారు బండ్లు రాకూడదు. మొత్తం దారి పూర్తయ్యేసరికి 2013 అయింది. కంబర్లాండ్‌లో ఆగిపోతుందా అంటే లేదు, అక్కడి నుంచి ఇంకో పాత కాలువ గట్టు మొదలయ్యి వాషింగ్టన్ దాకా ఇంకో 297 కిలోమీటర్లు. వెనకటికి కాలువలో బొగ్గు పడవలు, గట్టు మీద వాటిని లాగే కంచరగాడిదలు. 1924లో పడవలు నిలిచిపోయినాయి, గాడిదలు నడిచిన బాట మాత్రం ఉంది, ఇప్పుడు దాని మీద మా వాడు నడుస్తాండాడు.

వాడు చెప్పినదాంట్లో ఆకులు, ఏరు, కిలోమీటరు పొడుగున్న సొరంగం ఇవన్నీ బాగానే ఉండాయి గానీ నాకు పట్టుకున్నది వేరే మాట. "కొండలు దాటతాం రా, 729 మీటర్ల ఎత్తుకు పోతాం, కాళ్ళకు తెలీదు" అన్నాడు. అదెట్లా అంటే, రైలు మిట్ట ఎక్కలేదు. ఇనప చక్రం ఇనప పట్టా మీద జారుతుంది కాబట్టి వంద మీటర్లు పోతే రెండు మీటర్లు కూడా లేవకుండా కట్ట వేసుకుంటా పోయినారు, అట్లా వేయాలంటే కొండ మీద పడి పోతే కుదరదు, ఏరు ఎట్ల పోయిందో అట్లనే వంకలు తిరుగుతా పోవాల. కాలువ అయితే ఇంకా మేలు, నీళ్ళు పారాల కాబట్టి వాలు ఉందా లేదా అన్నట్టే ఉంటుంది. సైకిల్ తొక్కేవానికి కావాల్సింది కూడా అదే కదా. కారుకు మిట్టా పల్లమూ ఒకటే, ఘాటు రోడ్డు ఎంత నిలువుగా ఉన్నా గేరు మార్చి పోతుంది. రైలు, కాలువ, సైకిల్ ఈ మూడూ ఒక జాతి.

ఆ రాత్రి నిద్ర పట్టక పడుకోని ఆలోచిస్తాంటే తట్టింది, మనకు లేదా ఏమి కాలువ? కర్నూలు పక్కన సుంకేసుల నుంచి కడప దాకా కె.సి. కాలువ, 300 కిలోమీటర్ల పైనే, అంటే వాళ్ళ వాషింగ్టన్ కాలువకు సరిసమానం. దాన్ని 1860ల్లో ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది కూడా సేద్యానికొక్కటే కాదు, పడవలు నడపాలని. లాభం రాలేదు, 1882లో సర్కారు కొనుక్కుంది. పడవలు పోయినాయి, నీళ్ళు మిగిలినాయి, గట్టు మిగిలింది. మా ఊరి పక్కనే పోతాది, పుట్టినప్పటి నుంచి చూస్తాండా, బర్రెలు కడిగే చోటు అనుకున్నా తప్ప దారి అనుకోలేదు.

రెండోది గండ్లు. చెరువుకు గండి పడిందంటే ఊరంతా పరిగెత్తాల, కానీ కొండకు పడిన గండిని చూడనీకి పోతాం. మా జిల్లాలో ఏర్లన్నీ కొండల్ని కోసుకోని పోయినవే. పెన్న ఎర్రమలను కోస్తే గండికోట, పాపాగ్ని పాలకొండలను కోస్తే గండి క్షేత్రం, మళ్ళీ అదే పెన్న సిద్ధవటం దాటి లంకమలకూ పాలకొండలకూ మధ్యన దూరి సోమశిల దగ్గర వెలికొండలను దాటి నెల్లూరులో పడతాది. మూడు గండ్లు. ఏటెంబడి పోతే ఒక్క ఘాటు కూడా ఎక్కకుండా మూడూ చూడొచ్చు కదా అని లెక్క వేసినా. లెక్క తప్పింది, అది తర్వాత.

తోడుకు మా చిన్న బామ్మర్దిని అడిగినా. వానికి 29, జిమ్ముకు పోతాడు, నాకు 44, నేను బిరియానీకి పోతా. వాడు వెంటనే సరే అన్నాడు, "బావా, నువ్వు మధ్యలో ఆగిపోతే నేను ఒక్కన్నే పోతా, అక్కకు చెప్పొద్దు" అని కండిషన్ కూడా పెట్టినాడు. నాది సెకండ్ హ్యాండు హైబ్రిడ్ సైకిల్, వెనక క్యారియర్‌కు రెండు పక్కలా యూరియా సంచులు కుట్టించిన బ్యాగులు, మా వీధిలో గోతాలు కుట్టే ఆయన 150 రూపాయలకు కుట్టిచ్చినాడు, వానకు తడవవు, పైగా ఎవడూ దొంగలించడు. వాడిది లావు టైర్ల ఎంటీబీ, అంటే కొండ దార్లలో తొక్కే సైకిల్. నేను సన్న టైరు వేగంగా పోతుందని నవ్వినా, ఆ నవ్వు మొదటి రోజు పదకొండు గంటల దాకా ఉండింది.

సంక్రాంతి అయిపోయిన మర్నాడు తెల్లారి అయిదున్నరకు బయలుదేరినాం. చలి బాగానే ఉంది, మంకీ క్యాపు పెట్టుకున్నా, ఫోటోలు ఎవరికీ చూపించను. జమ్మలమడుగు మెయిన్ రోడ్డు పట్టకుండా పెన్న ఇవతలి ఒడ్డునే పల్లె దార్లు, పొలం గట్లు పట్టుకోని పడమరకు పోయినాం. వీపు మీద తూర్పు గాలి, ఎవరో నడుం మీద చెయ్యి పెట్టి తోసినట్టు. నల్లరేగడి చేన్లలో పప్పుశెనగ కాయ పట్టి ఉంది, ఒక పెద్దాయన కాపలా కూర్చోని, "యాడికి నాయనా ఇంత పొద్దున్నే" అన్నాడు, గండికోటకు పెద్దాయనా అంటే, "బస్సు ఉంది కదా" అన్నాడు. ఈ నాలుగు రోజుల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఆయనే ఇన్ని పచ్చి శెనగ చెట్లు పీకి హ్యాండిల్ మీద వేసినాడు, తొక్కుతా ఒలుచుకోని తింటా పోయినాం, చేతికి ఆ పుల్లటి తేమ అంటుకుంటుంది చూడు, గ్లౌజులు నాకినా పులుపే.

జమ్మలమడుగులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని మైలవరం కాలువ గట్టు ఎక్కినాం. ఇక్కడ నిజం చెప్పాల, అమెరికా వాని బాట లాగా ఉంటుందని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు. మొదటి రెండు కిలోమీటర్లు స్వర్గం, ఒక పక్క నీళ్ళు, ఒక పక్క వరి నారు, కొంగలు, లేచి నాలుగు అడుగుల అవతల మళ్ళీ వాలతాయి. తర్వాత కంప. సర్కారు కంప రెండు పక్కల నుంచీ వంగి సొరంగం మాదిరి, తల వంచుకోని పోవాల. దాని తర్వాత కాలువ తూము కారి గట్టంతా నల్లరేగడి బురద. నల్లరేగడి గురించి తెలీనివాళ్ళకు చెప్తాండా, అది బురద కాదు, గోధుమపిండి ముద్ద, టైరుకు పట్టి మడ్‌గార్డులో కూరుకోని గట్టిపడి చక్రమే తిరగదు. సైకిల్ మనం ఎక్కింది పోయి మన మీద సైకిల్ ఎక్కింది, భుజాన మోసుకోని అర కిలోమీటరు. బామ్మర్ది లావు టైర్లు కూడా నిలిచిపోయినాయి గానీ వానికి మడ్‌గార్డు లేదు కాబట్టి పుల్లతో గీరుకోని పోయినాడు. అప్పుడే ఒక పాఠం, గట్టు మీద తడి కనపడితే దిగి పొలం అవతలి నుంచి పోవాల, మొండికి పోకూడదు.

ఎండిన చోటికి వస్తే పల్లేరుకాయలు. ఇది ఇంకో రకం. కాయకు అన్ని వైపులా ముండ్లు, ఎట్ల పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది, ఎవరో మనసు పెట్టి తయారుచేసినట్టు. పదకొండు గంటలకు నా సన్న టైరుకు ఒకేసారి నాలుగు బెజ్జాలు. ట్యూబు బయటికి తీసి కాలువ నీళ్ళలో ముంచి బుడగలు చూసుకోని ప్యాచీలు వేస్తాంటే బట్టలు ఉతుకుతాండే ఒక అమ్మ, "టైరు లోపల పాత ట్యూబు కోసి పరిచి పెట్టు అబ్బయ్యా, మా ఇంటాయన పాలు పోసే సైకిల్‌కు అట్లే చేస్తాడు" అని చెప్పింది. జమ్మలమడుగు పోయి ఇరవై రూపాయలకు పాత ట్యూబు కొని కోసి పరిచినా. బరువు పెరిగింది, నిజమే, కానీ మిగతా మూడు రోజుల్లో నాకు ఒకటే పంచరు. యూట్యూబ్‌లో చూసి కొన్న 900 రూపాయల జెల్లు సీసా సంచిలోనే ఉండిపోయింది.

మైలవరం డ్యాము కట్ట మీద పొద్దు వాలేదాకా కూర్చున్నాం. అక్కడి నుంచి గండికోటకు చివర్లో మిట్ట తప్పలేదు, రోడ్డు ఎర్రమల మీదికి లేస్తుంది, పెద్దదేం కాదు గానీ ఆ రోజు బురద మోసిన కాళ్ళకు పెద్దదే. గండికోట గురించి అందరూ రాసినారు, అందుకే ఎక్కువ రాయను, కోట గోడలు, మసీదు, మాధవరాయల గుడి, రాయల చెరువు అన్నీ ఉండాయి. లోయ అంచున బండల మీద కూర్చుంటే కింద 300 అడుగుల్లో పెన్న, రెండు పక్కలా ఎర్ర రాయి పలకలు పలకలుగా, ఎవరో దోసెలు పేర్చినట్టు. ఆ రాయి వంద కోట్ల ఏండ్లు దాటినదంట, ఆ రాళ్ళన్నిటికీ జియాలజీ వాళ్ళు పెట్టిన పేరే కడప పేరు. ఫ్రాన్స్ నుంచి టావెర్నియే అనే వజ్రాల వ్యాపారి 1652లో ఇక్కడికి వచ్చినాడు, ఆయన ఆ కొండ దారి ఎట్లా ఎక్కినాడో గానీ కచ్చితంగా నా అంత రొప్పి ఉండడు. రాత్రి టెంటులో పడుకుంటే గాలికి గుడ్డ పటపట కొట్టుకుంటాంది, బామ్మర్ది గురక దాన్ని మించి.

రెండో రోజు ప్లాన్ ఏందంటే రిజర్వాయరు పక్కనే కొండాపురం వైపు పోయి అక్కడి నుంచి దక్షిణానికి దిగాలని. నా ఫోన్‌లో దించి పెట్టుకున్న మ్యాపులో సన్నటి పల్లె దారి ఒకటి చక్కగా గీత గీసినట్టు ఉంది. ఆ దారెంబడి పోతే, పోతే, రోడ్డు నీళ్ళలోకి దిగిపోయింది. నిజంగానే, తారు రోడ్డు అట్లనే వాలుగా పోయి నీళ్ళ కింద మాయమయ్యింది, దూరంగా నీళ్ళలో కరెంటు స్తంభాల తలకాయలు. గండికోట రిజర్వాయరులో నీళ్ళు నిండా పెట్టినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊర్లు 2020లో ఖాళీ అయినాయి, మ్యాపు మాత్రం ఖాళీ కాలేదు. అక్కడ చేపల వల ఎండబెట్టుకుంటాండే ఆయన్ను దారి అడిగితే, "ఈ రోడ్డు మా ఊరికే పోతాది" అని నీళ్ళ వైపు చెయ్యి చూపించినాడు. మేమిద్దరం ఏమీ అనలేకపోయినాం. ఆయనే మళ్ళీ, టీ తాగి పోండి అన్నాడు, తాగి వెనక్కి తిరిగినాం.

ముద్దనూరు దగ్గర రైలు లైను కలిసింది. మద్రాసు బొంబాయి లైను, ఇది కూడా ఏటెంబడి వేసిందే, తాడిపత్రి వైపు నుంచి చిత్రావతి పెన్న లోయ పట్టుకోని కడప మీదుగా నందలూరు పోతాది, నేను చెప్పిన జాతి లెక్క ఇక్కడ కళ్ళ ముందే కనపడింది. రైలు కట్ట పక్కన సర్వీసు బాట మీద కొంచెం దూరం పోయినాం. ఈ పక్కనే మంగపట్నం, 1902 సెప్టెంబర్‌లో రాత్రి వానకు ఒక వంక పొంగి వంతెన కొట్టుకుపోయి మెయిలు రైలు పడిపోయింది, 71 మంది చచ్చిపోయినారు. మేము పోయిన రోజు ఆ వంకల్లో కాలు తడిచేంత నీళ్ళు కూడా లేవు. మా సీమ ఏర్లతో ఇదే తంటా, పదకొండు నెలలు ఇసుక, ఒక్క రాత్రి సముద్రం.

తర్వాత ఎర్రగుంట్ల రోడ్డు. దీన్ని తప్పించుకునే దారి నాకు దొరకలేదు, దొరికినోళ్ళు చెప్పండి. సిమెంటు లారీలు, బూడిద లారీలు, బండల లారీలు, ఒకదాని వెనక ఒకటి, ప్రతి ఒక్కడూ మనల్ని దాటేటప్పుడు హారన్ కొట్టాల్సిందే, అదీ సరిగ్గా చెవి పక్కకు వచ్చినాక. దాటినాక గాలి ఒక్కసారి లోపలికి లాగుతుంది, సైకిల్ చక్రం కిందికి పోతాదేమో అనిపిస్తుంది, భయం లేదు అనేవాడు అబద్ధం చెప్తాడు. బామ్మర్ది ముందర, నేను వెనకాల, ఇద్దరం మాట్లాడుకోలేదు. ముఖానికి కట్టిన తువ్వాలు విప్పితే తెల్లటి వీభూది. పద్దెనిమిది కిలోమీటర్లు తొక్కింది నాలుగు రోజుల్లోకెల్లా ఎక్కువ అలసట, ఆ అలసట కాళ్ళలో కాదు, మెడలో, పండ్లలో. అన్ని కిలోమీటర్లూ పండ్లు బిగపట్టుకోని ఉన్నానంట, రాత్రి అన్నం తినేటప్పుడు దవడ నొప్పి పుడితే తెలిసింది.

వేంపల్లె రోడ్డులోకి తిరిగినాక ప్రాణం లేచి వచ్చింది. చీనీ తోటలు, అరటి తోటలు, రోడ్డు మీద ఎప్పుడో ఒక బైకు. ఒక తోటలో కాయలు కోస్తాండారు, నీళ్ళు అడిగితే కాయలే ఇచ్చినారు, డబ్బులు తీసుకోలేదు. వేంపల్లెలో రాగిసంగటి, నాటుకోడి పులుసు తిన్నాం, తిన్నాం అనడం కూడా చిన్న మాట. సాయంత్రం అయిదుకు ఎదురుగా పాలకొండల గోడ, ఆ గోడలో ఒక్క చోట మాత్రం ఎవరో రంపంతో కోసినట్టు సందు, ఆ సందులోంచి పాపాగ్ని. అదే గండి. ఘాటు లేదు, మలుపుల మీద మలుపులు లేవు, కొండ కిందే రోడ్డు ఏటి పక్కనే సందులో దూరి అవతలికి పోతుంది. చిన్న గేరు ముట్టుకోకుండా కొండల్ని దాటినాం. కాళ్ళకు తెలీదు రా అని వాడు అన్నది ఇదే, అని బామ్మర్దితో అంటే "బావా, నా కాళ్ళకు అన్నీ తెలుస్తాండాయి" అన్నాడు.

గండిలో ఆంజనేయస్వామి గుడి ఏటి ఒడ్డున ఉంది. స్థలపురాణం ఏందంటే, రాముడు లంక నుంచి తిరిగి వచ్చేటప్పుడు వాయుదేవుడు ఈ కొండకూ ఆ కొండకూ మధ్య బంగారు తోరణం కట్టినాడంట, అది ఇప్పటికీ ఉందంట, కానీ చావు దగ్గరపడిన పుణ్యాత్ములకే కనపడుతుందంట. మద్రాసు గవర్నరు మన్రో దొర ఇట్లా పోతా తల ఎత్తి చూసి, ఆ తోరణం ఏంది అని అడిగినాడంట, పక్కనోళ్ళకు ఏమీ కనపడలేదు. ఆయన 1827 జూలైలో పత్తికొండలో కలరాతో చచ్చిపోయింది మాత్రం చరిత్ర. గుడి దగ్గర పూలమ్మే ఆమె ఈ కథ చెప్పినాక బామ్మర్ది తెల్లారి దాకా తల ఎత్తలేదు, నేను ఎత్తి చూసినా, ఏమీ కనపడలేదు, అంటే ఇంకా టైం ఉంది, లేదా పుణ్యం చాల్లేదు, రెండోదే అయ్యుంటుంది అన్నాడు వాడు. సత్రంలో నిద్ర, పక్కన ఏటి సప్పుడు. ఆ రాత్రి పిట్స్‌బర్గ్‌కు నేను వీడియో కాల్ చేసి ఏమీ మాట్లాడకుండా ఫోన్ చుట్టూ తిప్పినా.

మూడో రోజు ఈ ట్రిప్పులో మంచి రోజు. పాపాగ్ని పోయినట్టే ఉత్తరానికి కమలాపురం దాకా, అక్కడ అది పెన్నలో కలుస్తుంది. ఎదురుగాలే, కానీ పక్కన చింతచెట్ల నీడ, ఊరూరికీ సిమెంటు రోడ్డు, ఊరికీ ఊరికీ మధ్య మట్టి బాట. ఇట్లాంటి దార్లు మనకు ఎన్ని ఉండాయో, బండి ఎక్కినాక మనమే మర్చిపోయినాం, వెనకటికి ఎద్దులబండ్లు సంతకు పోయిన దార్లు అవి, ఎద్దు కూడా మిట్ట పడని జాతే. మధ్యలో ఒక ఊరి బడి పిల్లోళ్ళు ఇంటర్‌వెల్‌లో సైకిళ్ళ చుట్టూ మూగి గేర్లు ఎన్ని అని అడిగినారు, 24 అంటే, ఒకడు "మా నాయన ట్రాక్టర్‌కు 8 గేర్లే ఉండాయి" అని మా వైపు జాలిగా చూసినాడు, ఇన్ని గేర్లు పెట్టుకోని కూడా ఇట్లా రొప్పుతాండారే అని.

వల్లూరు దాటి పుష్పగిరి. పెన్న ఒడ్డున గుడులు, శివుడూ చెన్నకేశవుడూ ఒకే చోట. ఏట్లో నడుముల్లోతు నీళ్ళు పారుతాండాయి, మునిగినాం, నాలుగు రోజుల్లో అదొక్కటే అసలు స్నానం. తర్వాత ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట, కె.సి. కాలువ నీళ్ళు పెన్నను దాటేది ఇక్కడే, ఇక్కడి నుంచి కడప దాకా గట్టు పట్టినాం. నేను రాసుకోని పోయిన లెక్కల్లో నిజమైంది ఇదొక్కటే. గట్టు అంతా బాగుందని కాదు, ఒక చోట తూము కూలిపోయి దిగి ఎక్కాల్సి వచ్చింది, ఒక చోట గడ్డివాము దారికి అడ్డం, ఇంకో చోట కుక్కలు. కానీ గంటన్నర సేపు మాకు ఎదురొచ్చిన బండ్లు మూడు, రెండు గడ్డిమోపులు కట్టుకున్న మోపెడ్లు, ఒక పాల సైకిల్. సాయంత్రం ఎండ నీళ్ళ మీద పడి, చెరుకు మీద గాలి, రెండు సైకిళ్ళ చైన్ల సప్పుడు మాత్రం కిర్రు కిర్రు. బట్టలుతికే రాళ్ళ దగ్గర కూర్చున్న ముసలాయన ఒకరు, వాళ్ళ జేజినాయన చిన్నప్పుడు ఈ కాలువలో పడవలు చూసినాడని చెప్పినాడు. ఇదే మాట నేను అమెరికా వాని గట్టు గురించి చెప్తే, "వాళ్ళు పడవలు పోయినాక గట్టు బాగుచేసుకున్నారు, మనం పడవలు పోయినాక కంప పెట్టుకున్నాం" అన్నాడు. నాకు కోపం వచ్చింది గానీ ఆయన తప్పు చెప్పలేదు. వాళ్ళ గట్టు సైకిళ్ళ కోసం, మన గట్టు పైరు కోసం, మనకు నీళ్ళు ఇంకా కావాల, అదీ నిజమే.

రాత్రి కడపలో మా చెల్లెలింట్లో ఎర్రకారం దోశలు. ఎన్ని అనేది వద్దు.

నాలుగో రోజు సిద్ధవటం. భాకరాపేట దాకా తిరుపతి రోడ్డు, లారీలు మళ్ళీ, పొద్దున ఆరుకు పోతే కొంచెం పర్వాలేదు. అక్కడి నుంచి తిరిగితే సిద్ధవటం, పెన్న ఒడ్డున మట్లిరాజుల రాతికోట, నది వైపు గోడ మీద నిలబడితే లంకమల నల్లగా పరుచుకోని ఉంటుంది. ఈ చిన్న ఊరు 1808 నుంచి 1812 దాకా జిల్లా హెడ్‌క్వార్టర్ అంటే ఎవరూ నమ్మరు, నేను చెప్తే టీ అంగడాయన కూడా నమ్మలేదు, "కలెక్టర్ ఇక్కడ ఏం తిని బతికినాడు" అన్నాడు.

అక్కడి నుంచి బద్వేలు రోడ్డులో అడవి మొదలయ్యే చోట చెక్‌పోస్టు. ఇద్దరు మగోళ్ళు, యూరియా సంచులు, ఎర్రచందనం పెరిగే అడవి. ఆపినారు, ఆపకపోతేనే తప్పు. సంచులు విప్పమన్నారు. చెడ్డీలు, పంపు, ప్యాచీలు, సగం తిన్న చెనక్కాయల ముద్ద, మంకీ క్యాపు. "దుంగలు యాడ పెట్టుకుంటాం సార్ సైకిల్ మీద" అని బామ్మర్ది నవ్వితే, ఆయన నవ్వకుండానే, "నీకు తెలీదు, సైకిల్ మీద కూడా పోయినాయి" అన్నాడు. రోడ్డు దిగొద్దు, లోపలికి పర్మిషన్ లేకుండా పోకూడదు, చీకటి పడకముందే వెనక్కి రావాల అని చెప్పి వదిలినాడు, మంచినీళ్ళు కూడా ఆయనే నింపి ఇచ్చినాడు.

ఎనిమిది కిలోమీటర్లు పోయింటాం. ఇది దట్టమైన అడవి కాదు, పొదలు, మధ్యలో ఎర్ర మట్టి, రాళ్ళు, మళ్ళీ పొదలు. చూడనీకి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ కలివికోడి ఉండేది ఇట్లాంటి చోటే. 1848లో జెర్డన్ అనే ఇంగ్లీషాయన లెక్కకెక్కించిన పిట్ట, 1900 తర్వాత ఎవరికీ కనపడక, ఇంక లేదు అని వదిలేసినాక, 1986 జనవరిలో ఈ పక్కనే రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది, పట్టుకున్నది పెద్ద సైంటిస్టు కాదు, మా సీమలో పిట్టలు పట్టి బతికే మనిషి. దానికోసం తెలుగుగంగ కాలువ దారి కూడా కొంచెం పక్కకు తిప్పినారు. మాకు కనపడలేదు, పగలు కనపడదు కూడా, రాత్రి తిరిగే పిట్ట. సైకిల్ ఆపి పది నిమిషాలు ఊరికే నిలబడినాం. నాలుగు రోజుల్లో ఏమీ వినపడకుండా ఉన్నది ఆ పది నిమిషాలే, ఏరు కూడా లేదు, చైను కూడా లేదు.

మూడో గండి చూడలేదు. సోమశిల వైపు పెన్న కొండల్లోకి దూరే నోరు మాత్రం సిద్ధవటం నుంచి కనపడింది, అవతలంతా అభయారణ్యం, ఇంకా కిందికి పోతే సోమశిల వెనక నీళ్ళు, ఏటెంబడి దారి లేదు, రోడ్డు పట్టి చుట్టూ పోవాలంటే ఇంకో రెండు రోజులు, రేపు పొద్దున నేను అంగడి తెరవాల. అందుకే రెండున్నర. మీటరు చూస్తే 231 కిలోమీటర్లు.

తిరిగి భాకరాపేటకు వచ్చి బస్సు కోసం నిలబడితే సైకిళ్ళు ఎక్కించుకోము అన్నారు, ఒకాయన కాదు ముగ్గురు. పొద్దు కుంకుతాంది. అప్పుడు ఆగింది చూడు ఒక లారీ. తిరుపతిలో బండలు దించి ఎర్రగుంట్లకు ఖాళీగా పోతాంది. డ్రైవర్ ఏమీ అడగకుండా వెనక డోరు దించి రెండు సైకిళ్ళూ తానే పైకి లాగి తాడుతో కట్టినాడు, మాకు క్యాబిన్‌లో చోటు, టీ ఇప్పించినాడు, డబ్బులు ఇస్తే చెయ్యి అడ్డం పెట్టినాడు. రెండో రోజు నేను లారీలోళ్ళను ఏమేమి తిట్టుకున్నానో అవన్నీ గుర్తొస్తాండాయి, నోరు మూసుకోని కూర్చున్నా. క్యాబిన్ ఎంత ఎత్తో అప్పుడే తెలిసింది, ఎడమ పక్కన రోడ్డు అంచు ఆయనకు కనపడనే కనపడదు.

కడప దాటినాక చీకట్లో ముందర ఒక ముసలాయన సైకిల్ మీద పోతాండాడు, వెనక లైటు లేదు, క్యారియర్‌కు కట్టెలమోపు. డ్రైవర్ చెయ్యి హారన్ మీదికి పోయింది.

"అన్నా అన్నా," అన్నాడు బామ్మర్ది, "ఇంత దూరం నుంచే కొట్టు, పక్కకు వచ్చినాక వద్దు."

డ్రైవర్ వాని వైపు ఒకసారి చూసి, అక్కడి నుంచే చిన్నగా ఒకసారి కొట్టి, కుడికి తీసుకున్నాడు.